తొవ్వ లెక్క

నక్షాల లేదు మా తొవ్వ.
పట్వారి గొలుసు దీని మీద పడలేదు,
పంచాయితి దీని పేరు రాసుకోలేదు.
గుర్రంపోడు డాంబరు రోడ్డు కాడ
సర్కారు తుమ్మ పక్క నుంచి దిగి
ఒర్రె దాటి, బోడగుట్ట కింది దాక
పదకొండు వందల అడుగులు.
నేనే కొలిచిన, మోటరు పైపు పరిచి.

ఏడు గట్లు తలా మూడు మూరలు ఎనక్కి జరిగితే
పుట్టిన బాట ఇది.
కాయిదం లేదు.
మాటిచ్చినోళ్లల్ల ఇద్దరే మిగిలిండ్రు,
ఒకాయినకు చెవులు వినరావు.

పది దాక సదివిన్నని
నోటుబుక్కు నా చేతుల వెట్టిండ్రు.
మొదటి పేజీల మొరం, ఎనిమిది ట్రిప్పులు.
రెండో పేజీ నుంచి కొట్లాట.

ఎకరానికి ఇంతని రాద్దామంటే
"నా రెండెకరాలు పడావున్నయి,
పడావు భూమి బాట మీద నడుస్తదా?" అన్నడు నర్సిరెడ్డి.
చక్రానికి ఇంతంటే
టీవీఎస్ ఆపి, కాలు కింద వెట్టకుంటనే
రెండు వేళ్లు చూపిచ్చిండు లతీఫ్.
బుచ్చమ్మయితే రెండు చెప్పులు ఇడిసి
నోటుబుక్కు పక్కన వెట్టింది.
ఒకదానికి పిన్నీసున్నది.
"వీటికెంత రాస్తవ్ బిడ్డా?"

ఈదయ్యది మొగదల చెల్క.
"నాకు నలభై అడుగులు చాలు.
మీ బత్తాయి లారీల బరువు నా నెత్తిన వెట్టకుండ్రి."
తప్పన్నడా? ఇప్పటికీ నాకు తెల్వదు.
కొసకున్నది ధనావత్ హర్యా.
అందరి తొవ్వా తొక్కుతడు,
అందరికన్న తక్కువ పండిస్తడు.
దూరం కొలిచి పైసలడిగితే
దూరంల పుట్టినోనికి జుర్మానా ఏసినట్టే గదా.

పోయిన ఆనకాలం ఒర్రె కాడ తెగింది.
నల్లగొండ మార్కెట్టుకు పోయే లారీ
ఎనక చక్రం ఇరుసు దాక దిగింది.
డ్రైవరు బీడి ముట్టిచ్చుకొని గట్టు మీద కూసుంటే
మేము కాయ దించి తట్టలల్ల మోసినం రోడ్డు దాక,
మోకాళ్ల లోతు నీళ్లల్ల, పొద్దుగూకేదాక.
ఎవలి కాయ అని అప్పుడు ఎవలడగలే.
తెల్లారినంక అడిగిండ్రు,
కూలి ఎవలిస్తరని.

నాలుగు దినాలకు
ఆ నల్ల బురదల ఎర్రగ ఏందో కనవడ్డది.
వంగి చూస్తే గూనపెంకు ముక్కలు.
ఒకదానికొకటి ఒరుసుకునేటట్టు పేర్చి
సందులల్ల ఇసుక కూరి
దిమ్మిసతోని కొట్టిండ్రు, చదునుగ.
ఈ ఎండకాలం ఊళ్లె
పెంకుటిల్లు ఇప్పినోడు ఒక్కడే.

"నాకేమెరుక, వానకు కొట్టుకొచ్చినయేమో"
అన్నడు ఈదయ్య, ఎద్దు మెడ గోకుకుంట.
ఒర్రె ఎత్తుకు పారుతదా?
పారి, పెంకులను పేర్చి పోతదా?
నేనేమనలే.
గోర్లల్ల ఇరికిన ఎర్ర పొడిని
చూడనట్టు చూసిన.

నోటుబుక్కుల ఆయిన పేరు ముందర
మూడేండ్ల సంది ఖాళీ.
ఆ రాత్రి బుగ్గ కింద పెన్ను పట్టుకొని కూసున్న.
పెంకులని రాస్తే ఆయిన ఒప్పుకోడు.
రాయకుంటే బుచ్చమ్మ ఒప్పుకోదు,
ఆమె చూసినట్టే ఉన్నది, పొద్దుగాల్నే గడ్డికి పోతది.
పైసలల్ల ఎంతని కట్టాలె?
కొత్త పెంకు ధర కట్టాల్నా,
తాతల నాటి పొగ పట్టిన పెంకుకు ధర ఉంటదా?
గా ఖాళీల ఒక చుక్క వెట్టి బుక్కు మూసిన.

ఇగ తూము ఏయాలె ఒర్రెకు.
నాలుగు వేలంట ఒక్కొక్కటి, మూడు కావాలె.
నర్సిరెడ్డి ముందుగాల్నే ఫోను ఎత్తుతలేడు.
పొద్దున లేసి ఇల్లిల్లు తిరగాలె.
మొగదల నుంచి మొదలు వెడుదునా,
కొస నుంచా?

చెప్పులైతే తొడుక్కున్న.